గేర్ల బండే కావాలి

పట్టపుపాళెం,
ఆదివారం.

ప్రియమైన ముఖేష్ బావకు,

ఫోనులో చెబుదామంటే నా మాట సగంలో ఉండగానే నువ్వు తగులుకుంటావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను, ఇక్కడైతే అడ్డం రాలేవు.

నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. ఇక ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, ఆటోవాడు ఎప్పుడొస్తాడా అని ఐసు కరిగేదాకా కూర్చునే పని లేదు. మనమే బండి కొందాం. నెల్లూరు షోరూములో రెండు చూశాను. ఒకటి గేర్లున్న చిన్న పికప్పు. రెండోది పెద్దది, గేర్లు దానంతటదే మార్చుకుంటుందట. నా మనసు చిన్నదాని మీదే ఉంది. అందులో కూర్చోగానే ముందు చక్రం ఎక్కడుందో తెలిసిపోయింది. పెద్దదానిలో కూర్చుంటే ఎవరి పెళ్లిలోనో పెద్ద కుర్చీ ఎక్కినట్టుంది.

అయినా ఏళ్ల తరబడి లారీలు తోలిన మొగుణ్ణి పెట్టుకుని, నీ మాట లేకుండా కొనను. ఏది కొనాలో రాయి.

నీ జవాబు కోసం వాకిట్లోనే ఉన్న,
మహాలక్ష్మి

*

తూత్తుకుడి,
శుక్రవారం.

ప్రియమైన లక్ష్మికి,

నీ లైసెన్సు ఫొటో ఇక్కడ మా ఐసు కంపెనీలో అందరికీ చూపించాను. మన పాళెం మగాళ్లే నెల్లూరు ట్రాఫిక్ అంటే జంకుతారు, అందులో నా పెళ్లాం తోలిందని చెప్పుకుంటే ఎంత గర్వంగా ఉందో. నీకున్న తెగువ నాకు లేదు, ఒప్పుకుంటున్నాను.

కానీ బండి విషయంలో నా మాట విను. పెద్దదే కొను, గేర్లు లేనిదే కొను. ఎడమ కాలికి పనే ఉండదు. కాలం మారింది, ఇప్పుడెవరు గేర్లతో కుస్తీ పడుతున్నారు? నేను వచ్చాక నేనే తోలుతాను, నువ్వు పాట సంగతి చూసుకో. ఇప్పట్లో రాలేను, ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

ఎప్పుడూ నీ తలపుల్లోనే ఉండే,
ముఖేష్

*

పట్టపుపాళెం,
గురువారం.

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గేర్లు లేని బండిని పిల్లల బొమ్మ అని వెక్కిరించినవాడివి నువ్వే కదా, ఇప్పుడేమైంది?

నిన్న ఒడ్డున జరిగింది విను. నెల్లూరు నుంచి ఒక రొయ్యల వ్యాపారి సరిగ్గా అలాంటి పెద్ద బండిలోనే వచ్చాడు. తిరిగి వెళ్దామంటే బ్యాటరీ చచ్చిపోయింది. మనవాళ్లు ఊరుకుంటారా, అందరూ భుజాలు ఆనించి హైలెస్సా అంటూ తోశారు. అయితే పడవను తోసే అలవాటు కదా, సముద్రం వైపే తోశారు. ముందు చక్రాలకు అల తగిలేదాకా ఒక్కడికీ తెలియలేదు. "నా బండిని చేపలకేస్తన్నారు గదరా సామీ" అని వ్యాపారి ఒకటే గోల. మేమంతా కడుపు పట్టుకుని నవ్వాం.

వెనక్కి తిప్పి ఊరి చివరిదాకా తోసినా అది స్టార్టు కాలేదు. ముత్యాలయ్య మామ చెమట తుడుచుకుంటూ, "గేరుంటే సెకండులో ఏసి క్లచ్చి వదిల్తే ఎప్పుడో లేసుండేది గదయ్యా. దీన్ని ఎంత తోసినా ఏం లాభం?" అన్నాడు.

మన ఊళ్లో తోసే చేతులకు కరువా? పైగా పెద్దది ఒడ్డుదాకా వస్తుందేమో గానీ, మన ఇంటి దారిలో ఉప్పుకాలువ వంతెన మీద పట్టదు. చిన్నదే కొంటున్నాను, సరేనా?

నీ మొండి పెళ్లాం,
మహాలక్ష్మి

*

తూత్తుకుడి.

లక్ష్మీ,

నీకన్నీ తెలుసు, ఇక నన్నడగడం ఎందుకు? గేర్లు లేనిది కొంటే కొను, లేదంటే ఆ ఊసే వదిలేయి. గేర్ల బండి వాకిట్లో ఉంటే నేను ఇంటికి వచ్చి చేసేదేమీ లేదు.

ముఖేష్

*

పట్టపుపాళెం,
బుధవారం.

నా బంగారు బావకు,

నీ ఉత్తరం చూశాక నాకు అన్నం సహించలేదు. గేర్ల బండికీ నువ్వు ఇంటికి రావడానికీ సంబంధమేమిటని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఇవాళ మీ కంపెనీలో పనిచేసే మస్తానయ్య సెలవు మీద ఊరికి వచ్చాడు. గట్టిగా నిలదీస్తే నోరు విప్పాడు.

"ఐసు దిమ్మె జారి అన్న ఎడమ కాలి మీద పడిందక్కా. చీలమండ నుజ్జయింది. ఇంక క్లచ్చి నొక్కలేడని లారీ దించేసి గేటు కాడ కూర్చోబెట్టినారు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు" అన్నాడు.

కోపం వచ్చింది బావా, ఏడుపూ వచ్చింది. నొప్పంతా ఒక్కడివే పడి, నాతో బండి గురించి పోట్లాట పెట్టుకున్నావు. స్టీరింగు పట్టుకుంటేనే ఈ ఇంట్లో నీకు విలువ అనుకున్నావా? పెళ్లయిన కొత్తలో మనుబోలు నుంచి లోడు లారీలో నన్ను ఎక్కించుకొచ్చావు. నా చేతిలో నిండు టీ గ్లాసు. నువ్వు గేరు మార్చిన ప్రతిసారీ చూశాను, చుక్క తొణకలేదు. అలాంటి చెయ్యి నేను మళ్లీ చూడలేదు. నేను మూడో గేరు వేస్తే బండి ఇప్పటికీ కుక్కలా గుర్రుమంటుంది.

చిన్నదే కొన్నాను, గేర్లదే. కోప్పడితే కోప్పడు. రోడ్డు మీద నేనే తోలుతాను. ఒడ్డున ఇసుకలో మాత్రం నాకు సాయం కావాలి. నువ్వు నా ఎడమ పక్కన కూర్చుంటే గేరు రాడ్డు సరిగ్గా నీ కుడిచేతికి అందుతుంది, కూర్చుని చూశాను. క్లచ్చి నేను నొక్కుతాను, గేరు నువ్వు వెయ్యి.

శనివారం మస్తానయ్యను తోడు తీసుకుని రైల్లో వస్తున్నాను. బట్టలు సర్దుకుని ఉండు.

నీ ఎడమ కాలు,
మహాలక్ష్మి