క్షమించాడని చెప్పుకోకు

పరకాల

మజర్‌కు వదిన రాసేది.

మీ అన్న నిన్ను క్షమించాడని, కేసులో రాజీకి ఒప్పుకున్నాడని ఊరంతా చెప్తున్నావట. మొన్న జుమ్మా నాడు నువ్వు వచ్చి ఆయన కాళ్లు పట్టుకుని ఏడిస్తే, "పోనియ్ తమ్మీ, నాకేం కోపం లేదు, చాయ్ తాగు" అన్న మాట నిజమే. నువ్వు వెళ్లాక ఆయన నన్ను ఏమడిగాడో కూడా విను.

"మజర్ ఎందుకు గట్ల నవ్విండు?"

పొలం గట్టు మీద నువ్వు పారతో కొట్టిన గాయం పైకి మానింది. లోపల మెదడుకు తగిలిన దెబ్బ మానదని వరంగల్ దవాఖానలో డాక్టర్ చెప్పాడు. ఎదుటివాళ్ల ముఖంలో ఏడుపు, భయం ఆయనకు తెలియవు. తనకూ కోపం, బాధ పుట్టవు. ఒకప్పుడు మా బిడ్డ ఉజ్మాకు జ్వరమొస్తే అన్నం ముట్టని మనిషి, పోయిన నెల ఆ పిల్ల చేతి మీద కాగిన నూనె పడి కేకలు పెడుతుంటే, ఒకసారి చూసి మళ్లీ తినసాగాడు.

"అబ్బాకు నా మీద పావురం పోయిందా అమ్మీ? ఇగ ప్రేమ లేదా?" అని అది అడిగింది.

కోపమే లేని మనిషి దేన్ని క్షమిస్తాడు మజర్?

సోమవారం కోర్టులో రాజీ ఉండదు. నువ్వు పార ఎత్తడం దగ్గరుండి చూసినదాన్ని నేను. జడ్జిగారి ముందు అంతా చెప్తాను. నీకు జైలు పడిందని విన్నా ఆయన సంతోషించలేడు. ఆయన వంతు కూడా నేనే సంతోషిస్తాను.

ఉజ్మా తల్లి