మంచం పక్కన పట్టాలు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మల్కాపురం ఇంట్లో నీ బొమ్మరైలుకి నిన్న పట్టాలు బిగించాను.

నీ గదిలో మంచం వేశాక మిగిలేది గోడవార మూరెడు జాగా. నువ్వేమో పట్టాలు గుండ్రంగానే తిరగాలని పట్టుబట్టేవాడివి. ఆ ఇరుకు మలుపులో పెట్టెలు రోజూ పడిపోయేవి. ఇక మంచం తీసేస్తే మలుపు పెద్దది చెయ్యొచ్చని మొన్న నేనన్నాను. మా అక్క చింతపండు గింజలు తీస్తూ తలెత్తకుండానే అంది:

"మంచం ఎందుకు తీత్తావురా? మన వైజాగ్ టేసన్లో బండి గుండ్రంగా తిరుగుతాదేటి? ఇంజిన్ ఇప్పి ఎనకాల తగిలిత్తారు. వచ్చిన వైపే ఎల్తాది."

ఆ స్టేషన్లో ఇంజిన్లు మార్చడమే నీ ఉద్యోగం. అయినా నీకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

గోడవార సన్నటి చెక్క వేసి పట్టాలు తిన్నగా పరిచాను. ఇంజిన్ తప్పుకోవడానికి రెండు చివర్లా పక్కలైను పెట్టాను. పెట్టెలిప్పుడు పడటం లేదు.

పొద్దున అక్క వచ్చి, నువ్వు పడుకునే వైపు వదిలేసి, మంచం ఇవతలి అంచున కూర్చుంది. బండి చివరికి రాగానే ఇంజిన్ తనే మార్చింది.