తొమ్మిది సెకన్లు

జగన్నాథరాజు గారికి నమస్కారాలు.

కరెంటు పోయి వచ్చినా, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లను మనిషే వేయాలి. గట్ల మీది ఇరవై నాలుగు నెట్‌వర్క్ స్విచ్‌లు సర్వర్ నుంచి అడ్రసు తీసుకున్నాకే, ఏరియేటర్లు ఆగాయని మీ ఫోన్ మోగుతుంది. రోజుకొక స్విచ్ ఆపి వేసి, పట్టిన సమయం పుస్తకంలో రాశాను. ఎప్పుడూ తొమ్మిది సెకన్లే. అన్నీ కలిపి చూడాలంటే మెయిన్ ఆపాలి. రొయ్యకు ఊపిరాడదని ఆ పని చేయలేదు.

మంగళవారం వేకువన కరెంటు లైనే పోయింది. తిరిగి రాగానే అన్నీ ఒక్కసారే అడిగేసరికి సర్వర్ గంటసేపు ఒక్కదానికీ అడ్రసు ఇవ్వలేదు. ఆ గంటా మీ ఫోన్ మోగలేదు, ఏరియేటర్లు ఎవరూ వేయలేదు.

"తొమ్మిది సెకన్లన్నారు కదండీ?" అని మీ చెరువులకు మేత వేసే లక్ష్మీనరసమ్మ గారు గట్టు మీద అడిగారు.

చెరువుల్లో ఇక ఏమీ లేదు కనుక ఈ ఉదయం మెయిన్ ఆపి చూశాను. మళ్ళీ గంటే పట్టింది. పుస్తకంలో రాశాను.

ఇట్లు,
మీ స్విచ్‌లు చూసినవాడు