తాళం తీసిన యాంప్లిఫయర్

వజ్రపుకొత్తూరు

రూబెన్ బావకు,

నీకు వందనాలు చెప్పే మనసు లేదు. మాటలు మానేశాం కాబట్టి రాస్తున్నాను.

సంఘం రెండుగా చీలాక, మందిరం గదిలో తాళం వేసి ఉంచిన పాత యాంప్లిఫయర్‌ను పెద్దలు మీ వాటాకే ఇచ్చారు. అది అన్యాయం. క్రిస్మస్‌కి దాన్ని వాడాలని "ఏటవుద్ది, ప్లగ్గెట్టి సూద్దాం" అన్నావట. ఇన్నేళ్లూ ఉప్పుగాలి తిన్న పెట్టె అది. నేరుగా కరెంటిస్తే లోపల కండెన్సర్లు పేలతాయి. పేలితే మావాళ్లే పాడుచేశారని ఊరంతా చెబుతావు. నీ సంగతి నాకు తెలుసు.

ప్లగ్గు వైరులోని రెండు తీగల్లో ఒకదాన్ని తెంచి, ఆ మధ్యలో పాత ఫిలమెంటు రకం వంద వాట్ల బల్బు కట్టు. కొత్తరకం ఎల్‌ఈడీ కట్టి తెలివి చూపకు. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే పర్వాలేదు. వెలుగుతూనే ఉంటే ప్లగ్గు తీసేసి కాశీబుగ్గ మెకానిక్కుకి ఇవ్వు. తీశాక కూడా లోపల వేలు పెట్టకు, కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

మొదటి పాట జ్ఞానసుందరి పాడుతుందని విన్నాను. నీకు భార్య కాకముందే అది నాకు చెల్లెలు. మందిరంలో వట్టి కాళ్లతో నిలబడి పాడుతుంది. ఆ ఇనప మైకు దాని చేతికిచ్చే ముందు, చెప్పులు విప్పి నువ్వు పట్టుకో.

నీ బావ