రెండు మార్కుల ఆల్బమ్

మంగళవారం రాత్రి

మధ్యాహ్నమంతా నగరిలో కరెంటు లేదు. మరమగ్గాలు ఆగిపోయాయి. రెండు నెలలుగా పాత గొప్ప ఆల్బమ్‌లను రోజుకొకటి చొప్పున వింటున్నాను. జాజ్, రాక్, ఖవ్వాలీ, కచేరీలు అన్నీ మగ్గాల మోతలోనే విని, ఈ డైరీలో మార్కులు వేశాను. మోత లేదు కదా, న్యాయంగా విందామని, పదికి రెండే మార్కులు వేసిన వేణువు ఆల్బమ్ ఫోన్‌లో మళ్లీ పెట్టాను. ఇప్పుడూ అంతే. వేణువు కాసేపు పలుకుతుంది, ఆగిపోతుంది, మధ్యలో ఉత్త తబలా. దీనికింత పేరెందుకో అని విసుగొచ్చింది.

అన్నం తెచ్చిన నా భార్య సరళ గిన్నె పట్టుకుని అట్లే నిలబడిపోయింది.

"ఏం పాటయ్యా ఇది? ఆ పైకి పొయ్యే కాడ సూడు, ఏడుపొస్తాండాది."

"యాడ?" అన్నాను.

"ఇదో, ఇప్పుడే," అని వేలు పైకెత్తింది. ఆ వేలు చాలాసేపు గాల్లోనే ఉంది. నాకు తబలా ఒక్కటే వినిపించింది.

"అవును, బాగుండాది," అన్నాను.

ఇరవై రెండేళ్లుగా ఆ మగ్గాల మధ్యే ఉన్నాను. అలసటగా ఉంది. ఇందాక ఆ రెండు మార్కులూ కొట్టేశాను. ఎన్ని వేయాలో సరళనే అడగాలి. అడిగితే నా చెవుల సంగతి తనకు తెలిసిపోతుంది.