ఊ కొట్టినందుకు

శ్రీకర్ గారికి,

ఫోన్ చేస్తే మీరు మాట్లాడుతూ పోతారు, నేను మళ్లీ ఊ కొడతాను. అందుకే రాస్తున్నాను.

నిన్న మీ అమ్మగారు మా అమ్మతో, "పిల్ల పెండ్లయినంక నౌకరి బంద్ జేస్తనన్నదట వదినె, మస్తు ఖుషయింది" అన్నారట. అప్పటినుంచి నాకు పని మీద మనసు నిలవడం లేదు. కండ్లకోయ ఆఫీసులో ఒకరి ఫైలు ఇంకొకరికి పంపాను.

ఆదివారం శామీర్‌పేట చెరువు కట్ట మీద మీరు ఉద్యోగం సంగతి అడిగి ఉంటారు, నేను ఊ కొట్టి ఉంటాను. అప్పుడు నీటికాకి ఒకటి మునిగింది, ఎక్కడ తేలుతుందా అని నేను చూస్తున్నాను. అంతకుముందే మీ ఫోన్లో ఏదో స్వభావ పరీక్ష పెట్టి, నేను 'ఓపికగా వినే మనిషి'నని వచ్చిందని మురిసిపోయారు. అది తప్పండీ. నాది పరధ్యానం. ఉద్యోగం మానను. ముహూర్తం పెట్టుకునే లోపే మీ ఇంట్లో ఈ మాట చెప్పండి.

చిన్నప్పుడు మా అవ్వ కథ చెబుతుంటే కూడా నేను ఊ కొడుతూనే ఎటో వెళ్లిపోయేదాన్ని. అవ్వ నా మొహం చూసి ఆపేసేది. "ఏడికి బోయినవ్ బిడ్డా? గిప్పుడేం జెప్పిన?" అనేది.

అంత పెద్ద మాట అడిగేటప్పుడు మీరు ఎటు చూస్తున్నారు?