అగ్రిప్ప ఎవరి తాలూకు?

అక్కుపల్లి,
4 జూన్ 2024.

పాత పుస్తకాల దుకాణం ఉమాశంకర్ గారికి,

వరహాలమ్మ రాయునది. నేను లెక్కల పంతులమ్మగా ముప్పై మూడేళ్లు చేసి పదవీ విరమణ పొందాను. విశాఖపట్నంలో మీ దుకాణంలో దొరకని పుస్తకం లేదని మా మనవరాలు నీలిమ చెప్పింది. ఇటువంటి మాటలు నేను నమ్మను. అయినా రాస్తున్నాను.

నాకు అగ్రిప్ప పుస్తకం కావాలి. గోధుమ రంగు అట్ట. జానెడు పొడవు, నా చిటికెన వేలంత మందం.

మా వారు ఈశ్వరరావు గారు ముందు మా పక్క ఊళ్లో, తర్వాత టెక్కలిలో చరిత్ర మాస్టారుగా పనిచేశారు. ఇప్పుడు కిడ్నీలు పాడై మంగళ, శుక్రవారాలు పలాస ఆసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్ మీద ఉంటున్నారు. కిందటి శుక్రవారం, "ఆ అగ్రిప్ప పుస్తకం ఉంటే నువ్వు సదివి పెడుదువు, నేను ఇనుకుందును" అన్నారు. అది 2018లో తిత్లీ తుఫానుకు పోయింది. నలభై ఆరేళ్ల కాపురంలో ఆయన నోరు తెరిచి నన్ను అడిగింది ఇదొక్కటే. త్వరగా పంపగలరు.

ఇట్లు,
వరహాలమ్మ.

తా.క. త్వరగా అంటే ఏడు రోజులు.


విశాఖపట్నం,
8 జూన్.

పూజ్యులు వరహాలమ్మ గారికి నమస్కారాలు.

అమ్మగారూ, చరిత్రలో అగ్రిప్పలు చాలామంది ఉన్నారు. ఒకరు రోమన్ సేనాని. ఇద్దరు యూదుల రాజులు, వాళ్లు తండ్రీకొడుకులు. ఇంకొకాయన జర్మనీ దేశపు మంత్రశాస్త్ర పండితుడు. అందరి మీదా పుస్తకాలున్నాయి. మాస్టారుగారి అగ్రిప్ప ఎవరో వారినే అడిగి రాస్తే వెంటనే పంపుతాను.

విధేయుడు,
ఉమాశంకర్.

తా.క. చిటికెన వేలంత మందం అన్నారు. మీ వేలి కొలత కూడా రాస్తే మంచిది.


అక్కుపల్లి,
12 జూన్.

ఉమాశంకర్ గారికి,

ఎవరో మా వారినే అడగమన్నారు. అడిగాను. "నీకు తెల్దేటి? ముప్పై ఏళ్లు సెప్పినాను కదా" అని నవ్వారు. ఆ ముప్పై ఏళ్లూ ఆయన చెబుతుంటే నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆ మాట ఒప్పుకొని మళ్లీ అడగలేను.

ఒకే పేరు నలుగురికి ఉంటే ఇంత కంగారు ఎందుకు? మా దగ్గర తాత పేరు మనవడికి పెడతారు కనుక ఊళ్లో నాగరాజులు ఆరుగురు, అప్పలస్వాములు ముగ్గురు. ఎవరి తాలూకు, ఏం చేశాడు అని చెబితే తేలిపోతుంది. 1991లో మా వారి సైకిలు దొంగిలించిన అప్పలస్వామి అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

అగ్రిప్ప చక్రవర్తికి ప్రాణస్నేహితుడని మా వారు అనేవారు. అంత మాత్రం విన్నాను. చక్రవర్తి తన హోదాకు తగినవాడితోనే కదా స్నేహం చేస్తాడు. మా వైపు పెద్ద కుటుంబాల్లో పద్ధతి అదే. కాబట్టి ఆయన రాజే అయి ఉండాలి. రాజుల్లో పెద్దాయన పుస్తకం పంపండి.

ఇట్లు,
వరహాలమ్మ.

తా.క. చిటికెన వేలు పదకొండు మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచాను.


అక్కుపల్లి,
29 జూన్.

ఉమాశంకర్ గారికి,

యూదుల రాజు వచ్చాడు. ఇంగ్లీషు పుస్తకమైనా, చూస్తూ తెలుగులో చెబుతూ నాలుగు గంటలు చదివాను. ఇతను కుర్రతనంలో రోము నగరంలో చేసిన అప్పులు చూస్తే నాకు ఒళ్లు మండింది. మా వారు అంతా విని, "ఇతను కాడు వరాలూ. మనవాడు రాజు కాడు. ఐనా సదువు, నీ గొంతు బాగుంది" అన్నారు. నా గొంతు బాగుంటుందని ఆయన అనడం ఇదే మొదలు. నేను ఆయన ముందు ఏదైనా చదవడమూ ఇదే మొదలు.

మరో గుర్తు చెబుతాను. మా పుస్తకంలో చేత్తో గీసిన వలయాలు, అడ్డగీతలు, బాణం గుర్తులు ఉండేవి.

ఇట్లు,
వరహాలమ్మ.

తా.క. ఆసుపత్రికి వెళ్లే దారిలో నడిచే ఆటో సైకిలు అప్పలస్వామిదే. అది నేను ఎక్కను. వేరే ఆటో కోసం ఆ రోజు ముప్పావు గంట ఎండలో నిలబడ్డాం. మా వారు మాత్రం వెళ్లిపోతున్న ఆటోకేసి చెయ్యి ఊపారు. ఆయనకు ఎవరి మీదా కోపం రాదు.


విశాఖపట్నం,
3 జూలై.

పూజ్యులు వరహాలమ్మ గారికి నమస్కారాలు.

వలయాలు, గీతలు అనగానే తెలిసిపోయింది. మీకు కావలసింది మంత్రశాస్త్ర పండితుడు. చాలా అరుదైన ప్రతి పంపుతున్నాను. మాస్టారుగారి అభిరుచికి నా జోహార్లు.

విధేయుడు,
ఉమాశంకర్.

తా.క. పదమూడో అధ్యాయం పైకి చదవకండి. నాకు నమ్మకం లేదు గానీ, ఎందుకైనా మంచిది.


అక్కుపల్లి,
16 జూలై.

ఉమాశంకర్ గారికి,

మీ మంత్రగాడిని తిరుగు టపాలో పంపుతున్నాను. పదమూడో అధ్యాయం చదివాను. ఏమీ కాలేదు. కానీ పక్కింటి సూరమ్మ ఆ బొమ్మలు చూసి, "అప్పా, మా కొబ్బరిసెట్టుకి తెగులు పట్టింది, ఈ సెక్రం ఒకటి గీసి ఇయ్యవా?" అని పట్టుకుంది. కాదంటే వినదు. చివరికి వృత్తంలో త్రిభుజం గీసి ఇచ్చాను. తెగులు తగ్గుముఖం పట్టిందట. ఇప్పుడు నలుగురైదుగురు వస్తున్నారు.

మా వారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. "కాడే. ఓడల మీద యుద్ధం గెలిసినోడు. గెలిసి, ఊరేగింపు వద్దని పేరంతా స్నేహితుడికి వదిలేసినోడు" అన్నారు. అంటే సేనాని. ఆ వలయాలు ఓడలన్న మాట.

ఇప్పుడు ఒక సంగతి రాయాలి. పుస్తకం తుఫానుకు పోలేదు. తిత్లీ మర్నాడు మా డాబాలో వీధివాళ్లు ముప్పై ఒక్కమంది ఉన్నారు. కట్టెలన్నీ తడిసిపోయాయి. పొడిగా ఉన్నది మా వారి ట్రంకు పెట్టెలోని ఆ పుస్తకం ఒక్కటే. ఒక్కో కాగితం చింపి పొయ్యి రాజేశాను. తెలుగు అక్షరాలు కనబడ్డాయి, చదవలేదు. నష్టాలు రాసుకోవడానికి వచ్చినవాళ్లకు కొబ్బరి చెట్లు నలభై రెండు, జీడిచెట్లు పదిహేడు, పుస్తకం ఒకటి అని రాయించాను. అందులో మూడోది అబద్ధం. మా వారు పక్కనే ఉన్నారు. నేను ఆయన ముఖం చూడలేదు.

ఆయన ఈమధ్య బాగా నీరసించారు. తొందరగా వెతకండి.

ఇట్లు,
వరహాలమ్మ.

తా.క. ఏడు రోజుల గడువు ఎత్తివేశాను. మీకు వీలైనంత త్వరగా అని చదువుకోండి.


విశాఖపట్నం,
2 ఆగస్టు.

పూజ్యులు వరహాలమ్మ గారికి నమస్కారాలు.

అమ్మగారూ, అది తెలుగు పుస్తకమని మీరు ఇన్ని ఉత్తరాల్లో ఒక్కసారైనా చెప్పలేదు. నేను అడగనూ లేదు. తప్పు ఇద్దరిదీ.

టెక్కలిలో మూతపడిన అచ్చాఫీసు నుంచి మా నాన్నగారు ఎప్పుడో కట్టలు కొన్నారు. రెండు రోజులు దుమ్ములో వెతికితే ఈ ప్రతి దొరికింది. గోధుమ రంగు అట్ట. దళసరి కాగితం మీద అరవై నాలుగు పేజీలు. రచయిత పేరు లేదు. మొదటి పేజీ మాత్రం చదివి మూసేశాను. అది నాకు రాసింది కాదు.

విధేయుడు,
ఉమాశంకర్.

తా.క. మందం కొలిచాను. సరిగ్గా పదకొండు.


అక్కుపల్లి,
14 ఆగస్టు.

చిరంజీవి ఉమాశంకర్‌కు ఆశీస్సులు.

పుస్తకం నిన్న ఆసుపత్రికి తీసుకెళ్లి అక్కడే విప్పాను. మొదటి పేజీ పైకి చదివాను.

"ఈ పుస్తకం అచ్చుకు నా సైకిలు ఖర్చయింది. దాన్ని అప్పలస్వామి దొంగిలించలేదు. ఇంట్లో చెప్పే ధైర్యం చాలక ఇక్కడ అచ్చు వేయిస్తున్నాను. వరాలు చదువుతుంది కదా, అప్పుడు తెలుస్తుంది."

ఆ తర్వాత రెండేళ్లు ఆయన బడికి నడిచి వెళ్లారు. సైకిలుకు తాళం వేయడం చేతకాని మనిషని ఆ రెండేళ్లూ నేను సాధించాను.

"మరి చెప్పలేదేమండీ?" అన్నాను.

"నువ్వు సదువుతావని సూసినాను."

ముప్పై మూడేళ్లు. నేను ఉద్యోగం చేసినన్ని ఏళ్లు.

ఇక దాచడం ఎందుకని, పొయ్యిలో పెట్టింది నేనేనని చెప్పేశాను. ఆయన కళ్లు మూసుకునే, "తెలుసు. ఆ అన్నం నేనూ తిన్నాను. వంద కాపీలేసినాను వరాలూ, జనానికి పనికొచ్చింది అదొక్కటే" అన్నారు. నర్సు వచ్చి, నవ్వొద్దు, సూది కదులుతుంది అని ఆయన్ని కోప్పడింది. ఆయన నవ్వుతున్నారు. నేను కాదు.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అప్పలస్వామి ఆటోనే ఆపాను. దొంగ అన్నందుకు క్షమించమని అడిగాను. అతను వెనక్కి తిరగకుండా, "అప్పుడే మాస్టారు నాకు సెప్పేసినారమ్మా. మీరు పుస్తకం సదివిందాకా ఎవరికీ సెప్పొద్దన్నారు. సన్న పుస్తకమే కదా, వారంలో సదివేస్తారనుకున్నాను" అన్నాడు.

ఇట్లు,
వరహాలమ్మ.

తా.క. అరవై నాలుగు పేజీలు నేను రెండు గంటల్లో పూర్తి చేయగలను. రోజుకు రెండు పేజీలే చదువుతున్నాను.